కొసరు

మొన్న మార్చిలో ఒక మంగళవారం పొద్దున్న, కాఫీ ఇంకా సగం కూడా తాగకముందే నాకొక మెయిల్ వచ్చింది. రెండే రెండు వాక్యాలు. “నిన్న ఫోన్‌లో మనం ఒక అంకెకి ఒప్పుకున్నాం. ఈరోజు మీరు ఇంకో అంకె చెబితే, నా క్లయింటుకి మీ గురించి నేనేమని చెప్పను?” కింద బ్రోకరమ్మ పేరు, ఫోన్ నంబరు. ప్రతి మెయిల్‌లోనూ ముందు ‘బాగున్నారని తలుస్తాను’ అని ఒక ముక్క పెట్టేది ఆవిడ. ఈసారి అదీ లేదు.

ఈ దేశం వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మేనేజర్ల చేత అక్షింతలు వేయించుకున్నాను. గడ్డి పెరిగిందని కాలనీ అసోసియేషన్ వాళ్ళ నోటీసులూ అందుకున్నాను. అవేవీ ఇంత గుచ్చుకోలేదు. ‘మీ గురించి’ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. నేను చేసిందల్లా కొసరు అడగడం. అదీ పద్దెనిమిది వేల డాలర్ల మీద రెండు వేలు.

విషయం ఏమిటంటే, నాకొక డొమైన్ ఉండేది, అంటే ఇంటర్నెట్లో సైటుకి పెట్టుకునే పేరు. డాట్ కామ్. పేరు ఇక్కడ రాయకూడదు, అలా రాయనని సంతకం పెట్టాను. వంటింట్లో ఉండే ఒక వస్తువు పేరు, అచ్చ తెలుగు మాట, ఇంగ్లీషులో ఐదు అక్షరాలు. మా అమ్మ రోజుకి పదిసార్లయినా అనే మాట. నార్త్ కరోలినాలో కేరీ వచ్చిన కొత్తలో, 2004లో కొన్నాను. ఏ ఇండియన్ కొట్లో ఏం దొరుకుతుందో, ఏ శనివారం తాజా కూరలు వస్తాయో చెప్పే సైటు పెడదామని నేనూ ఒక రూమ్మేటూ అనుకున్నాం. సైటు రెండేళ్ళు నడిచింది. గోంగూర ఎక్కడుందో జనం ఒకళ్ళకొకళ్ళు ఫోన్లు చేసుకుని తెలుసుకునేవాళ్ళు, మా సైటు ఎవరూ చూసేవాళ్ళు కాదు. సైటు పోయింది, పేరు మిగిలింది. దాని మీద ఇంటిల్లిపాదికీ మెయిల్ ఐడీలు పెట్టుకున్నాం. ఏడాదికి పది, పదిహేను డాలర్లు. మా ఆవిడ దాన్ని ‘మీ ముచ్చట ఖర్చు’ అనేది.

నిరుడు నవంబరులో ఈ బ్రోకరమ్మ మొదటి మెయిల్ పెట్టింది, మీ డొమైన్ అమ్ముతారా అని. నైజీరియా యువరాజు పేరుతో వచ్చే మోసపు మెయిళ్ళ బాపతనుకుని చెరిపేశాను. రెండోది వచ్చింది. మూడోదానిలో అంకె ఉంది, రెండున్నర వేల డాలర్లు. తన క్లయింటు ఎవరో చెప్పలేనంది. చిన్న ప్రాజెక్టు, బడ్జెట్ తక్కువ అని మాత్రం చెప్పింది.

అంకె వినగానే మన వాళ్ళకి ఎక్కడలేని ఉత్సాహం వచ్చేసింది. షార్లెట్‌లో ఉండే మా బావమరిది ఆ రాత్రే ఫోన్ చేశాడు. “బావా, రెండున్నర వేలతో మొదలుపెట్టారంటే లోపల రెండున్నర లక్షలు పెట్టుకున్నారన్నమాట. టెస్లా డాట్ కామ్‌కి మస్క్ ఎంతిచ్చాడో తెలుసా?” తెలుసు. పదేళ్ళ పైన పట్టింది, కోటీ పది లక్షల డాలర్లయింది అని 2018లో ఆయనే చెప్పుకున్నాడు. 2019లో వాయిస్ డాట్ కామ్ మూడు కోట్ల డాలర్లకి పోయింది. ఇలాంటివి విన్నవాడెవడికైనా తన పెరట్లోనూ లంకెబిందెలున్నాయనిపిస్తుంది. టెస్లా, వాయిస్ అన్న మాటలు ప్రపంచమంతటికీ తెలుసు, మా అమ్మ వంటింటి మాట ఎవడికి కావాలి అన్న ఆలోచన నాకు మూడో రోజుకి గానీ రాలేదు.

నాలుగో రోజున భయం పట్టుకుంది. ఆఫీసులో ఒకాయన, పేటెంట్ల విభాగంలో పనిచేస్తాడు, భోజనాల దగ్గర చెప్పాడు: “వాళ్ళకి ట్రేడ్‌మార్క్ ఉంటే నువ్వడిగిన ధరే నీ మీద సాక్ష్యం అవుతుంది, జాగ్రత్త.” నిజమే. డొమైన్ తగాదాలకి ఇంటర్నెట్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ వాళ్ళు 1999లో పెట్టిన విధానం ఒకటుంది. జెనీవాలో పేటెంట్లు, ట్రేడ్‌మార్కుల వ్యవహారాలు చూసే వైపో లాంటి సంస్థల దగ్గర దావా వేసి పేరు లాక్కోవచ్చు. అందుకు మూడు రుజువు చేయాలి: పేరు తమ మార్కులాగే ఉందని, దాని మీద మనకి న్యాయమైన హక్కు లేదని, దాన్ని దురుద్దేశంతో కొని వాడుతున్నామని. మార్కు గలవాడికి ఖర్చుకి మించిన ధరకి అమ్మడం కోసమే కొన్నట్టు తేలితే అది దురుద్దేశానికి ఒక గుర్తు అట. 2003లో కెనడాలో మైక్ రో అనే విద్యార్థి తన పేరుకి ‘సాఫ్ట్’ తగిలించి డొమైన్ పెట్టుకున్నాడు. మైక్రోసాఫ్ట్ లాయర్లు పది డాలర్లిస్తామన్నారు. కుర్రాడికి రోషమొచ్చి పదివేలడిగాడు. ఆ పదివేలే పట్టుకున్నారు వాళ్ళు. చివరికి గోల పేపర్లకెక్కి, ఆటల పెట్టె ఒకటీ ఇంకొన్నీ ఇచ్చి రాజీ చేసుకున్నారనుకోండి.

ఇంకా దగ్గరి కథ మా పక్క ఊరిదే. మా ఇంటినించి అరగంట దూరంలో, రాలీలో, ఉజీ నిస్సాన్ అని ఒక ఇజ్రాయెల్ ఆయన కంప్యూటర్ల వ్యాపారం చేసేవాడు. నిస్సాన్ ఆయన ఇంటిపేరు. ఆ పేరుతో డాట్ కామ్ 1994లోనే తీసుకున్నాడు. 1999లో కార్ల కంపెనీ కోటి డాలర్లకి దావా వేసింది. ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగాడు, డబ్బు నీళ్ళలా పోయింది. పేరు మాత్రం వదల్లేదు. గెలిచాడు కూడా. 2020లో కోవిడ్‌తో పోయాడు. ఎక్కడినించో వచ్చి, తాత తండ్రుల పేరు బోర్డు మీద రాసుకుంటే, అది నీది కాదు మాది అని ఒక కంపెనీ అనడం ఎలా ఉంటుందో! ఆయనంత గుండె నాకు లేదు. నాది ఇంటిపేరు కూడా కాదు, వంటింటి పేరు.

కాకపోతే నా చెయ్యి శుభ్రం. జియోహాట్‌స్టార్ విషయం గుర్తుందిగా, రెండు కంపెనీలు కలుస్తాయని ముందే ఊహించి పేరు కొనిపెట్టుకుని, 2024లో కేంబ్రిడ్జి చదువుకి ఫీజు కట్టమన్నాడు ఢిల్లీ కుర్రాడు. నేనలా ఎవరికోసమో కాపు కాసి కొనలేదు. పాత సైటు పేజీలు, వెబ్ పేజీల నకళ్ళు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఇంకా ఉన్నాయి, ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎక్కడ దొరుకుతుందో చెబుతూ. వాటి లింకులు ఒక ఫైల్లో దాచుకుని బేరానికి దిగాను.

బేరం నాలుగు నెలలు సాగింది. నేను నలభై అన్నాను. ఆవిడ నాలుగంది. నేను ముప్పై ఐదు, ఆవిడ ఆరు. తర్వాత డిసెంబరంతా మౌనం. ఆ మౌనం ఉందే, అది వాళ్ళ విద్య. మన దగ్గరైతే రెండడుగులు వేసి వెళ్ళిపోతున్నట్టు నటిస్తాం, కొట్టువాడు “రండమ్మా రండి” అని పిలుస్తాడు, ఇద్దరికీ అది నాటకమని తెలుసు. ఇక్కడ నెల్లాళ్ళు ఉలుకూ పలుకూ ఉండదు. పోయారా, ఉన్నారా, కోపమొచ్చిందా? రోజూ మెయిల్ తెరిచి చూసుకోవడమే. ఫిబ్రవరిలో మళ్ళీ ఊపిరి పోసుకుంది. మార్చిలో ఆ సోమవారం సాయంత్రం ఫోన్లో పద్దెనిమిది వేలకి ఇద్దరం సరేననుకున్నాం. “గ్రేట్” అంది ఆవిడ. నేనూ అన్నాను.

ఆ రాత్రి అమ్మతో మాట్లాడితే, “ఒప్పుకున్నావు సరే, పైన ఏమన్నా వేయించుకున్నావా?” అంది. మర్నాడు పొద్దున్నే లేచి, ఇరవై చేస్తే లెక్క గుండ్రంగా ఉంటుంది కదా అని ఆవిడకి మెయిల్ పెట్టాను. నవ్వు బొమ్మ కూడా పెట్టాను.

దానికొచ్చిందే ఆ జవాబు.

కొసరు అంటే మాట తప్పడం కాదని ఎలా చెప్పను? మా వీధిలో పాలు పోసేవాడు సోలతో కొలిచి పోశాక, అమ్మ గిన్నె వెనక్కి తీసేది కాదు. అతను “అమ్మగారూ!” అంటూనే సోల అంచున ఇంకో రెండు చెంచాలు ఒలికించేవాడు. బీసెంట్ రోడ్డులో పూలావిడ మూర కొలిచాక బెత్తెడు వదిలి తుంచేది. వదలకపోతే అడిగేవాళ్ళం. అడిగినంత మాత్రాన మూర ధర మీద మాట మారినట్టా? ధర ధరే. కొసరు వేరే లెక్క. ఇస్తే సంతోషం, ఇవ్వకపోతే “సర్లే, రేపు వెయ్యి” అని వెళ్ళిపోవడం. నేను పెట్టిన మెయిల్ ఆ గిన్నె లాంటిది. వెనక్కి తీయకుండా ఒక్క క్షణం ఆపానంతే.

ఇదంతా ఇంగ్లీషులో రాయబోయి మూడుసార్లు చెరిపేశాను. కొసరుకి సరైన ఇంగ్లీషు మాట నాకు తట్టలేదు. రాసినకొద్దీ మరీ అతితెలివి గలవాడిలా కనిపిస్తున్నాను.

అయినా నాకు మండింది మరోచోట. చిన్న ప్రాజెక్టు అన్నారా, తర్వాత ఒప్పందం కాగితాలొస్తే చూద్దును కదా, ఒక పెద్ద లాయర్ల ఆఫీసు నించి, పద్నాలుగు పేజీలు. ఒక్క మాట కొనడానికి! కొనేది ఒక ఎల్‌ఎల్‌సీ కంపెనీ, దాని పేరు మీద గూగుల్లో ఒక్క ముక్క లేదు. అంటే నాలుగు నెలలు నేను ముసుగేసుకున్నవాళ్ళతో బేరమాడాను. వాళ్ళు తమ పేరు దాచవచ్చు, బడ్జెట్ మీద అబద్ధమాడవచ్చు, నెల్లాళ్ళు మాయమైపోవచ్చు. అవన్నీ వ్యాపారం. నేను నా సొంత పేరుతో, నవ్వు బొమ్మ పెట్టి రెండు వేలు అడిగితే నా గుణం సంగతి వచ్చింది. మా ఆవిడతో ఇదే అన్నాను. తను కూర తరుగుతూ, “వాళ్ళు ఒప్పుకోకముందు అబద్ధాలాడారు, మీరు ఒప్పుకున్నాక అడిగారు. వాళ్ళ లెక్కలో రెండోది తప్పు” అంది. చాలాసేపు ఆలోచించాను దాని మీద. అవునే. ఇక్కడ ‘సరే’ అనే దాకా ఎన్ని వేషాలైనా వేయొచ్చు. అన్నాక గీత గీసినట్టే. మన దగ్గర ‘సరే’ అన్నాకే అసలు చనువు మొదలవుతుంది. ఏది మేలని అడిగితే ఈ వయసులో కూడా నేను పూలావిడ వైపే. కానీ నా కొడుకు డొమైన్ అమ్మితే, ‘సరే’ అన్నాక నోరు మూసుకోమనే చెబుతాను.

గురువారం దాకా ఆగి ఆవిడకి ఫోన్ చేశాను. “పద్దెనిమిదే. నిన్నటిది మర్చిపోండి” అన్నాను. మొన్నటిది అనాలి, తడబడ్డాను. “మర్చిపోయాను” అంది ఆవిడ, అంత మామూలుగా. నేను మూడు రోజులు మోసింది ఆవిడ మూడు గంటలు కూడా మోసినట్టు లేదు. తర్వాత ఎస్క్రో సంగతి చెప్పింది. వాళ్ళు డబ్బు మధ్యవర్తి దగ్గర కడతారు, కట్టినట్టు మధ్యవర్తి నాకు చెబుతాడు, నేను పేరు వాళ్ళ ఖాతాలోకి తోస్తాను, వాళ్ళు అందిందనగానే డబ్బు నా బ్యాంకుకి వస్తుంది. మధ్యవర్తి ఫీజు వాళ్ళదే.

పెట్టేసే ముందు ఆవిడ ఒక ప్రశ్న అడిగింది. “మీరు నాకు రాస్తున్న మెయిల్ ఈ డొమైన్ మీదే కదా? బ్యాంకులకి కూడా ఇదే ఇచ్చారా?”

ఇచ్చాను. బ్యాంకు, క్రెడిట్ కార్డు, ఇమిగ్రేషన్ కాగితాలు, పిల్లల కాలేజీ, ఆఖరికి ఆ డొమైన్ నమోదు చూసే రిజిస్ట్రార్ కంపెనీ ఖాతాకీ అదే. ముప్పై ఏళ్ళుగా కంప్యూటర్ల మీద బతుకుతున్నవాణ్ణి, నాకు తట్టలేదు. పేరు ఎవరి చేతిలో ఉంటే దానికొచ్చే ఉత్తరాలన్నీ వాళ్ళ చేతికే. పాస్‌వర్డ్ మర్చిపోయానని ఎవడన్నా నొక్కితే ఆ లింకు తిన్నగా ఆ ముసుగు కంపెనీకి వెళ్ళేది. “నా క్లయింటుకి ఈ వారమే కావాలి. నేను ముప్పై రోజులు అడుగుతాను. నిదానంగా మార్చుకోండి” అంది. నేనడగలేదు. ఆవిడ పనిచేసేది అవతలివాళ్ళ తరఫున. ఆలస్యమైతే ఆవిడకి వచ్చే కమిషనూ ఆలస్యమే. రెండు రోజుల్లో లాయర్ల నించి సవరించిన కాగితం వచ్చింది, ముప్పై రోజులు కలిపి.

మరి దీన్నేమంటారమ్మా మీ భాషలో, అని అడగాలనిపించింది. అడగలేదు.

ఆ ముప్పై రోజులూ రాత్రిళ్ళు కూర్చుని ఒక్కొక్క చోటా చిరునామా మార్చుకుంటూ వచ్చాను. నలభై ఏడు చోట్ల. గుడి రసీదులు, తెలుగు సంఘం వనభోజనాల జాబితా, హైదరాబాదులో ఎప్పుడో మూసేసిన డీమ్యాట్ ఖాతా. ఏప్రిల్ చివర్లో పేరు తోసేశాను. ఐదు నిమిషాల పని. మర్నాటికి డబ్బు పడింది. అమ్మకి చెబితే, ఆ వస్తువు పేరు పెట్టే, “అది అమ్మితే అంతిచ్చారా, మనింట్లో రెండున్నాయి” అంది.

ఇప్పటికీ అప్పుడప్పుడూ బ్రౌజర్లో ఆ పేరు కొట్టి చూస్తుంటాను. తెల్ల పేజీ వస్తుంది, ఏమీ పెట్టలేదు. ఎవరో, ఎందుకు కొన్నారో ఈరోజుకీ తెలియదు. మొన్న రిజిస్ట్రేషన్ వివరాలు తీసి చూశాను. యజమాని పేరు దాచేశారు. గడువు మాత్రం కనిపిస్తోంది. డాట్ కామ్‌కి పదేళ్ళకి మించి ఒకేసారి కట్టించుకోరు, వాళ్ళు పదేళ్ళకీ కట్టేశారు. నేనెప్పుడూ ఏడాదికోసారే కట్టేవాణ్ణి.