వారానికి 17 గంటలు: ఉద్యోగం చేస్తూ గ్రూప్-2కి చదివిన నా అనుభవం

నేను హనుమకొండలో ఒక ప్రైవేట్ స్కూల్లో లెక్కల టీచర్‌ని. బాబు ఎల్‌కేజీ. తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌లో పడింది, 783 పోస్టులు. అప్లై చేసిన రోజే స్కెచ్ పెన్నులతో టైమ్‌టేబుల్ గీసి బీరువా తలుపుకి అంటించాను. పొద్దున 4 నుంచి 6 పాలిటీ, సాయంత్రం 6 నుంచి 8 ఎకానమీ, రాత్రి 9 నుంచి 11 చరిత్ర. మూడో రోజు చుట్టాలొచ్చారు. నాలుగో రోజు యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆ కాగితం వైపు చూడాలంటేనే టెన్షన్. సోమవారం నుంచి మొదలుపెడదాం అనుకుంటూ ఏడాది గడిచిపోయింది.

2024 ఫిబ్రవరిలో ఒక పని చేశాను. ఒక వారమంతా ఏమీ మార్చకుండా, ఏ గంట ఎటు పోయిందో మాత్రం రఫ్ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. శనివారం రాత్రి కూర్చుని కూడితే, టెలిగ్రామ్ గ్రూపుల్లో పీడీఎఫ్‌లు వెతకడానికి, దించుకోవడానికే దాదాపు ఆరు గంటలు పోయాయి. వాటిలో ఒక్కటీ తెరిచి చదవలేదు. అన్నాళ్లూ నేను దాన్నే చదువు అనుకున్నాను. చాలా బాధేసింది.

నిజంగా నా చేతిలో ఉన్నదెంతో అప్పుడే లెక్క తేలింది. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరు దాకా, వారానికి ఆరు రోజులు: 9 గంటలు. బాబు పడుకున్నాక రాత్రి గంట చొప్పున ఐదు రోజులు: 5. ఆదివారం మధ్యాహ్నం 3. మొత్తం 17. రోజుకి ఆరు గంటలు అని బీరువాకి అంటించుకున్న దానికి రోజుకి రెండున్నర కూడా రాలేదు. కానీ ఆ 17 నిజమైన గంటలు.

రోజువారీ టైమ్‌టేబుల్ మానేసి, వారానికి ఒక పేజీ మొదలుపెట్టాను. పరీక్షలో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. నాకు బాగా భయం ఎకానమీ, అంటే పేపర్-3. దానికి 5 గంటలు, చరిత్ర, పాలిటీ ఉన్న పేపర్-2కి 5, తెలంగాణ ఉద్యమం ఉన్న పేపర్-4కి 3, జనరల్ స్టడీస్‌కి 2. అన్నీ కలిపి 15. మిగతా రెండు గంటలు కావాలనే ఖాళీగా ఉంచాను. ఆ ఖాళీయే నన్ను కాపాడింది, ఇది మాత్రం గట్టిగా చెప్పగలను.

రాసే పద్ధతి కూడా మారింది. 'పేపర్-4 చదవాలి' అని రాస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పది నిమిషాలు పోయేవి. అందుకని ఇలా రాసేదాన్ని: '1969 ఉద్యమం, 1973 ఆరు సూత్రాల పథకం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985 జీవో 610. చూడకుండా రాయాలి. తర్వాత 40 ప్రశ్నలు.' నాలుగున్నరకి నిద్ర కళ్లతో లేచినా, పేజీ చూడగానే చేతికి పని దొరికేది.

ఇంట్లో మాత్రం మొదట్లో కుదరలేదు. నా వారం నేను రాసుకుంటే సరిపోదని తొందరగానే అర్థమైంది. మా ఆయన బయటి ఊరు వెళ్లే రోజు, అత్తమ్మ సంఘం మీటింగ్ ఉన్న రోజు నాకు తెలియకుండా పేజీ నింపితే అది నిలవదు. శనివారం అన్నాలయ్యాక నోట్‌బుక్ పట్టుకుని ఇద్దరి దగ్గరా కూర్చున్నాను. అత్తమ్మ, "గింత దానికి పుస్తకంల రాసుడెందుకు బిడ్డా, నోటితోని చెప్తే సాలదా?" అంది. మూడు నాలుగు వారాలు పోయాక తనే గుర్తుచేయడం మొదలుపెట్టింది: "బేస్తారం మీటింగున్నది, రాసుకున్నవా?" ఆ గురువారం రాత్రి గంటని ముందుగానే కొట్టేసి ఆదివారానికి మార్చుకునేదాన్ని. ఎవరి మీదా కోపం వచ్చేది కాదు.

ఒక వారం బాగా గుర్తు. మంగళవారం రాత్రి బాబుకి జ్వరం, 103. బుధ, గురువారాలు పుస్తకం ముట్టలేదు. ఇదివరకైతే ఆ వారం మొత్తం వదిలేసేదాన్ని. శుక్రవారం పొద్దున పేజీ తెరిస్తే, నాలుగు గంటలు అయ్యాయి, ఎంత లాగినా ఇంకో ఆరు కంటే కుదరదు. ఎకానమీ, పేపర్-2లో కొంత ఉంచి, మిగిలినవి గీత కొట్టేశాను. మిగిలిపోయిన వాటిలో ఒక్కటే వచ్చే వారానికి రాసుకున్నాను. అన్నీ మోసుకెళ్తే ఏమవుతుందో అప్పటికే ఒకసారి చూశాను: 17 గంటల పేజీలో 26 గంటల పని పేరుకుపోయి, దాన్ని చూసి మూడు రోజులు నోట్‌బుక్కే తెరవలేదు.

పరీక్ష తేదీ అప్పటికే మూడుసార్లు మారింది. ఆగస్టు 7, 8న ఉంటుందనుకున్నది కూడా డిసెంబర్‌కి వెళ్లిందని జూలైలో తెలిసింది. ఆ రోజు ఏడ్చాను. నెలల ప్లాన్ వేసుకున్న స్నేహితురాలు ఒకామె పుస్తకాలు కట్టేసింది. నాకు మాత్రం మార్చుకోవడానికి ఆ వారం పేజీ ఒక్కటే ఉంది. బతుకమ్మ వారం వచ్చేసరికి స్కూల్‌కి సెలవులే అయినా 8 గంటలే రాసుకున్నాను. అమ్మవాళ్లింట్లో పూలు పేర్చకుండా పుస్తకం పట్టుకుని కూర్చోవడం నావల్ల కాదు, అలా కూర్చోవాలని కూడా లేదు. ఆ 8 పూర్తయ్యాయి.

డిసెంబర్ 15, 16 తేదీల్లో నాలుగు పేపర్లూ రాశాను. ఎకానమీ పేపర్‌లో చేయి వణకలేదు.

ఆ శనివారం రాత్రి అన్నాలయ్యాక అత్తమ్మే నోట్‌బుక్ తెచ్చి ముందు పెట్టింది. "ఈ వారం ఏం రాస్తవు బిడ్డా?" కొత్త పేజీ తీసి, తెల్లవారుజాము నాలుగున్నర గడులన్నిటి మీదా పొడుగ్గా ఒక గీత గీసి, 'నిద్ర' అని రాశాను.