చిరిగిన బూటుతో గండికోట దారిలో

తాడిపత్రిలో పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి నుంచి బయటికి వచ్చి చెప్పులు తొడుక్కోవడానికి వంగినప్పుడు, మా కారు ఎడమవైపు ముందు చక్రం లోపలి అంచున నల్లటి జిడ్డు చారలుగా చిమ్మి ఉండడం కనిపించింది. బ్రేకు ఆయిలేమోనని గుండె ఝల్లుమంది. వేలితో తాకితే చిక్కటి గ్రీజు. గండికోట చూడాలని మా నాయన చాలాకాలంగా అడుగుతుంటే ఆ ఆదివారం ఉదయం అనంతపురం నుంచి బయలుదేరాం.

ఊరి చివర తెరిచి ఉన్న ఒక షెడ్డులో జాకీ వేసి చూపించారు. మా కారులో ఇంజిను బలం అందేది ముందు చక్రాలకే. చక్రం పక్కకు తిరిగినా, గుంతల్లో పైకీ కిందికీ ఊగినా ఆ బలాన్ని తెగకుండా అందించేది యాక్సిల్ చివరనున్న సీవీ జాయింటు. దాని లోపలి ఇనుప గుండ్ల చుట్టూ గ్రీజును పట్టి ఉంచి, దుమ్మూ నీరూ చొరబడకుండా కాపాడే రబ్బరు తొడుగునే బూటు అంటారు. మడతలు మడతలుగా ఉన్న ఆ తొడుగు ఒక మడత లోతున వేలెడు పొడవున చీలిపోయింది.

“శబ్దం ఏమన్నా వస్తాందా సార్?” అని మెకానిక్ అడిగాడు. నాకు ఏమీ వినబడలేదన్నాను. అతను అంతటితో ఊరుకోకుండా, పక్కనున్న ఖాళీ స్థలంలో అద్దాలు దించి, స్టీరింగు పూర్తిగా కుడికి తిప్పి నిదానంగా నడపమన్నాడు. అలా తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడుతుంది కాబట్టి, అక్కడి జాయింటు అరిగి ఉంటే టకటకమని కొట్టుకుంటుంది. మూడు చుట్లు తిరిగినా టైరు కింద కంకర నలిగిన చప్పుడే వినబడింది.

“జాయింటు బాగుండాది సార్. మీ బండి బూటు ఈ పొద్దు ఈడ దొరకదు. దుమ్ములోకి, నీళ్లలోకి మాత్రం దింపొద్దండి.” టేపు చుడితే ఎలా ఉంటుందని అడిగాను. జిడ్డు మీద టేపు నిలవదన్నాడు.

దుమ్ములోకి దింపవద్దన్న మాట తాడిపత్రిలో ఎంత బరువైనదో బయలుదేరాక అర్థమైంది. బండలు పాలిష్ చేసే మిషన్ల దగ్గరి పొడి రోడ్డు అంచుల్లో పేరుకుని, లారీ పోయిన ప్రతిసారీ లేస్తోంది. ఆ పొడి గ్రీజులో కలిస్తే గుండ్లను ఆకురాయిలా అరగదీస్తుంది. బూటు చిరిగినంత మాత్రాన బండి ఆగదు గనుక నెలల తరబడి అలాగే తిప్పేవాళ్లున్నారు. కానీ జాయింటు పూర్తిగా అరిగి విరిగితే ఇంజిను తిరుగుతున్నా బండి కదలదు. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని ఎవరూ అంతదాకా తెచ్చుకోకూడదు.

లారీలకు దూరంగా, యాభై దాటకుండా, ప్రతి మలుపులోనూ చెవులు రిక్కించి ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరాం. అక్కడి నుంచి గండికోట 15 కిలోమీటర్లే అయినా, మలుపులతో ఎక్కే ఆ దారిలో జాయింటుకు పని పెట్టడం ఇష్టంలేక కారును లాడ్జి ముందు ఉంచి ఆటో మాట్లాడుకున్నాం. ఎర్రమల కొండలను చీల్చుకుంటూ పెన్న పారే లోయ అంచున నాయన చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నారు. ఆటోలో వచ్చినందుకు నాకు ఏ కొరతా అనిపించలేదు.

సోమవారం అదే వేగంతో అనంతపురం చేరి, ఇంటికి కూడా పోకుండా షెడ్డులో యాక్సిల్ విప్పించాను. మెకానిక్ పాత గ్రీజును కొద్దిగా తీసి నా చేతిలో పెట్టాడు. చీలిక దగ్గరిది వేళ్ల మధ్య నలిపితే ఇసుకలా గరగరలాడింది. గుండ్ల దగ్గరిది ఇంకా వెన్నలా జారుతోంది. పెట్రోలుతో కడిగాక ఆరు గుండ్లూ గీత లేకుండా మెరిశాయి. కొత్త బూటు తొడిగి, ప్యాకెట్టు గ్రీజంతా లోపలికి కూరి, రెండు క్లిప్పులూ బిగించాడు. కుడివైపు బూటు మడతల్లోనూ సన్నటి పగుళ్లు కనిపించడంతో, చిరిగేదాకా ఆగకుండా దాన్ని కూడా అప్పుడే మార్పించాను.