పాత ఆర్డీ 350, దాని జంట కార్బురేటర్లు

ఏళ్ల తరబడి షెడ్డులో నిలబెట్టేసిన మోటార్ సైకిల్‌లో ముందుగా ఏది పాడవుతుందని అడిగితే చాలామంది బ్యాటరీ అనో టైర్లు అనో చెబుతారు. అవి డబ్బు పెడితే మర్నాటికి కొత్తవి వచ్చేస్తాయి. అసలు చిక్కంతా గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్ అడుగున ఉండిపోయిన ఆ కాస్త పెట్రోలుతోనే వస్తుంది. అందులో తేలికగా ఆవిరయ్యే భాగం పోయిన తరువాత మిగిలినది మొదట జిగురుగా, ఆ పైన వార్నిష్ పూతలా గట్టిపడి, కంటికి సరిగా ఆనని రంధ్రాలలో కూర్చుంటుంది. మా బాబాయి కొన్నాళ్లు నడిపి వదిలేసిన రాజ్‌దూత్ 350 నా చేతికి వచ్చేనాటికి దాని రెండు కార్బురేటర్లదీ ఇదే పరిస్థితి. పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెల అడుగున గోధుమరంగు పెచ్చు, పెట్రోలును కొలిచి వదిలే సన్నటి రంధ్రాల ఇత్తడి జెట్ల మీద పచ్చటి చిలుము, లోహపు గోడల మీద తెల్లటి పొడి కనిపించాయి. మెకానిక్ పని నేర్చుకోనివారు కూడా ఓపిక ఉంటే ఈ పనిని ఇంట్లోనే చేసుకోగలరు. అయితే కొత్త భాగాలు కొని బిగించడం ఇందులో చిన్న వాటా మాత్రమే. ఉన్న ఇత్తడిని చెడగొట్టకుండా శుభ్రం చేయడమూ, రెండు కార్బురేటర్లు ఒకేలా పనిచేసేటట్లు చూడడమూ అసలు పని.

యమహా ఆర్డీ 350 విదేశాలలో 1973లో వచ్చింది. మన దేశంలో ఎస్కార్ట్స్ సంస్థ దానిని 1983లో రాజ్‌దూత్ 350గా విడుదల చేసింది. 347 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, ఆరు గేర్లు. మొదట వచ్చిన హై టార్క్ బండికి 30.5 హార్స్‌పవర్ ఉంటే, తరువాతి లో టార్క్ బండికి దానిని 27కు తగ్గించారు. లీటరుకు ఎంత ఇస్తుందన్నదే మొదటి ప్రశ్నగా ఉన్న కాలంలో ఇలాంటి బండి మూలన పడడంలో వింతేమీ లేదు. ఇక్కడ మనకు కావలసిన సంగతి ఏమిటంటే, దీనిలో ఒక్కో సిలిండర్‌కు ఒక్కో మికూనీ కార్బురేటర్ ఉంటుంది. ఒకటి బాగా పనిచేసి రెండోది సగమే పనిచేసినా బండి కదులుతుంది కాబట్టి, లోపం ఎక్కడుందో నడిపేవారికి వెంటనే తెలియదు.

విప్పడానికి ముందు స్క్రూడ్రైవర్ సంగతి చూసుకోవాలి. జపాన్ తీరు స్క్రూల తల పైకి మామూలు ఫిలిప్స్ స్క్రూలాగే కనిపిస్తుంది, కానీ దాని గాడి కొలత వేరు. అందులో ఫిలిప్స్ డ్రైవర్ పెట్టి గట్టిగా తిప్పితే అది పైకి జారి తలను అరగదీస్తుంది. జేఐఎస్ అనే జపాన్ ప్రమాణపు కొలతతో వచ్చే స్క్రూడ్రైవర్ ఒక్కటి కొనుక్కుంటే, నలభై ఏళ్లుగా కదలని స్క్రూలు కూడా కాస్త నూనె తాగించి తిప్పితే వస్తాయి. ఒక కార్బురేటర్ పని పూర్తిగా ముగిసిన తరువాతే రెండోదానిని విప్పడం మంచిది. దీనివల్ల ఏ వాషర్ ఎక్కడిదన్న సందేహం వచ్చినప్పుడు చూసుకోవడానికి రెండోది చెక్కుచెదరకుండా ఉంటుంది. స్లైడ్లు (ఎక్సలరేటర్ తిప్పితే పైకి లేచి గాలి దారిని తెరిచే భాగాలు) ఏళ్ల వాడకంలో తమ తమ గోడలకు అనుగుణంగా అరిగి ఉంటాయి, వాటిని తారుమారు చేయకూడదు. ఐడిల్‌లో గాలి పాళ్లను సరిచేసే ఎయిర్ స్క్రూను తీసే ముందు మెల్లగా లోపలికి తిప్పి, ఎన్ని చుట్లకు ఆగిందో రాసుకున్న తరువాతే బయటికి తీయాలి.

ఇక శుభ్రం చేయడం. ఇత్తడి అనగానే మన ఇళ్లలో చింతపండు గుర్తుకు వస్తుంది కానీ, కార్బురేటర్ విషయంలో ఆ ఆలోచన మానుకోవాలి. పులుపు జింకు కలిసిన పోత లోహాన్ని తినేస్తుంది. కార్బ్ క్లీనర్ స్ప్రే, గాలి, ఓపిక ఉంటే చాలు. స్ప్రే కొట్టే ముందు రబ్బరు ఓ రింగులన్నీ తీసేయాలి, లేకపోతే అవి ఉబ్బిపోతాయి. కళ్లద్దాలు తప్పనిసరిగా పెట్టుకోవాలి, ఎందుకంటే ఒక రంధ్రంలో కొట్టిన స్ప్రే మనం ఊహించని మరో రంధ్రం నుంచి నేరుగా ముఖం మీదకు వస్తుంది. నిజానికి అలా రావడమే మనకు కావాలి. ఎయిర్ స్క్రూ రంధ్రంలో కొట్టినది స్లైడ్ కింద ఉన్న సన్నటి బెజ్జం నుంచి ధారగా వస్తే ఆ దారి తెరుచుకున్నట్లు లెక్క. చుక్కలుగా వస్తే ఇంకా లోపల ఏదో ఉన్నట్లే.

అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకున్నది ఐడిల్‌లో పెట్రోలు అందించే, మన మెకానిక్‌లు స్లో జెట్ అని పిలిచే చిన్న జెట్. దానిని వేళ్ల మధ్య పట్టుకుని కిటికీ వెలుతురుకు ఎదురుగా పెడితే ఏమీ కనిపించలేదు. రాత్రంతా క్లీనర్‌లో నానబెట్టాక మధ్యలో మసకగా ఒక మచ్చ తెలిసింది. ఇక్కడే చాలామంది సూది గానీ గుండుసూది గానీ పెట్టి పొడుస్తారు. ఇత్తడి మెత్తని లోహం, ఉక్కు తగిలితే రంధ్రం పెద్దదవుతుంది. ఆ తరువాత జెట్ మీద ముద్రించిన, దాని సైజును తెలిపే అంకెకు అర్థమే ఉండదు. కరెంటు వైరులోని రాగి పోగును ఒక్కదానిని తీసి, బలవంతం చేయకుండా దూర్చి, పక్కవీధి పంక్చర్ షాపులో కంప్రెసర్ గాలి పట్టించాను. “ట్యూబ్ ఏది సార్?” అని అడిగిన కుర్రవాడు నా అరచేతిలోని జెట్‌ను చూసి నవ్వాడు గానీ, డబ్బు తీసుకోలేదు. మళ్లీ వెలుతురుకు పెట్టి చూస్తే అంచులు తేటగా ఉన్న గుండ్రటి చుక్క కనిపించింది.

రిపేరు కిట్ విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. బజారులో దొరికే కిట్లలో ప్యాకింగులు, ఓ రింగులతో పాటు కొత్త జెట్లు, స్లైడ్‌కు వేలాడే నీడిల్ (సూది) కూడా ఇస్తారు. మెరుస్తున్న కొత్త జెట్‌ను చూడగానే పాతది పారేయాలనిపిస్తుంది. నేను తెచ్చిన కిట్‌లోని మెయిన్ జెట్లు రెండింటి మీదా ఒకే అంకె ఉంది కానీ, భూతద్దంలో చూస్తే ఒకదాని రంధ్రం అంచున ఇత్తడి ముక్క అలాగే అంటుకుని ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో పాత బండ్లు చూసే ఒక పెద్ద మెకానిక్‌కు చూపిస్తే, “రబ్బర్లు కొత్తవి వేసుకో తమ్ముడూ, ఇత్తడి మాత్రం పాతదే ఉంచు” అన్నాడు. నీడిల్ దూరే నీడిల్ జెట్ రంధ్రం అండాకారంగా అరిగిపోతే తప్ప ఆ మాటే సరైనదని నేనూ అంటాను. ఫ్లోట్ (గిన్నెలోని పెట్రోలు మీద తేలే భాగం) పైకి లేచినప్పుడు పెట్రోలును ఆపే వాల్వు సూది దీనికి మరో మినహాయింపు. దాని కొన మీద గీత పడినట్లు కనిపిస్తే మార్చవలసిందే, లేకపోతే బండి నిలబెట్టిన చోటల్లా పెట్రోలు కారుతుంది.

ఫ్లోట్ ఎత్తును సర్వీసు మాన్యువల్‌లోని కొలత ప్రకారం, కార్బురేటర్‌ను తలకిందులుగా పెట్టి, ఆ వాల్వు సూది మీద ఫ్లోట్‌కు ఉన్న చిన్న రేకు నాలుక కేవలం ఆనేటట్లు ఉంచి చూడాలి. ఆ నాలుకను కొద్దికొద్దిగా వంచుతూ రెండు వైపులా సమానంగా తేవాలి. స్లైడ్లను కూడా అదే పట్టుదలతో సరిచేయాలి. ఆర్డీలో ఎక్సలరేటర్ నుంచి వచ్చే ఒక కేబుల్ మూడుగా చీలుతుంది: రెండు కార్బురేటర్లకు, ఒకటి ఇంజన్‌కు నూనె అందించే ఆయిల్ పంపుకు. ఎయిర్ ఫిల్టర్ వైపు రబ్బరు గొట్టాలను తీసి, రెండు స్లైడ్ల కిందా ఒకే సైజు డ్రిల్ బిట్లు ఆనించి, రెండూ ఒకే క్షణంలో కదిలేదాకా కేబుల్ అడ్జస్టర్లను తిప్పాలి. ఆ తరువాతే ఆయిల్ పంపు గుర్తును కలపాలి. ఈ క్రమం తిరగబడితే మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది.

కార్బురేటర్‌ను సిలిండర్‌కు కలిపే రబ్బరు జాయింట్లను చూడకుండా ఇంజన్ స్టార్ట్ చేయకూడదు. పగిలిన రబ్బరులో నుంచి గాలి దూరితే మిశ్రమం పలచబడి, టూ స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. ఐడిల్‌లో ఉండగా ఆ జాయింట్ల మీద కొద్దిగా స్ప్రే కొడితే ఇంజన్ శబ్దం మారుతుందేమో గమనించాలి. అయితే వేడెక్కిన సైలెన్సర్ దగ్గరగా ఉంటుంది కాబట్టి ఈ పరీక్షను చల్లటి ఇంజన్ మీదే, ఆరుబయటే చేయాలి. ట్యాంకులో తుప్పు ఉంటే ఇంతవరకు చేసినదంతా వారంలో వృథా అవుతుంది. ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరుకూ పడదు. అందువల్ల పెట్రోలు పైపులు కొత్తవి వేసి, బండిని కొన్ని వారాలు కదపని పక్షంలో పెట్రోలు కాక్ మూసి ఫ్లోట్ గిన్నెలను ఖాళీ చేస్తున్నాను.

బండి ఇప్పుడు రెండు సిలిండర్ల మీదా నడుస్తోంది. ఎడమ స్పార్క్ ప్లగ్ కాఫీ రంగులో ఉంది, అంటే ఆ వైపు మిశ్రమం సరిగా ఉన్నట్లే. కుడి ప్లగ్ మాత్రం నల్లగా, తడిగా వస్తోంది, అంటే అక్కడ పెట్రోలో నూనెనో ఎక్కువవుతోంది. పెట్రోలు తగ్గేటట్లు నీడిల్ క్లిప్‌ను ఒక గాడి పైకి మార్చి నీడిల్‌ను దించినా అంతే. ఈ ఇంజన్‌కు క్లచ్ కుడివైపున ఉంటుంది. ఆ వైపు క్రాంక్ సీల్ (క్రాంక్ షాఫ్ట్ చుట్టూ ఉండే రబ్బరు సీలు) ఎండి చిట్లితే గేరు నూనె సిలిండర్‌లోకి వెళ్లి కాలుతుంది, దానికి కార్బురేటర్‌ను ఎన్నిసార్లు విప్పినా ఫలితం ఉండదు. అందుకని క్లిప్‌ను తిరిగి పాత గాడిలోనే పెట్టి, గేరు నూనె మట్టాన్ని గుర్తుపెట్టుకున్నాను. అది తగ్గితే ఇంజన్ దించి సీల్ మార్పించడమే.