ఎందుకైనా మంచిదని ఇంకోసారి

తాళం వేసి లాగి చూస్తారు. లిఫ్టు దాకా వెళ్ళి, ఎందుకైనా మంచిదని వెనక్కొచ్చి మళ్ళీ లాగుతారు. పడుకున్నాక లేచి, గ్యాస్ కట్టేశామో లేదోనని వంటింట్లోకి వెళ్ళొస్తారు. ఒకసారి చూసుకోవడం జాగ్రత్తే. నాలుగోసారికీ నమ్మకం కుదరకపోతే మాత్రం మతిమరుపు మొదలైందేమో అన్న బెంగ కూడా తోడవుతుంది. నిజానికి ఆ అనుమానాన్ని పెంచి పోషించేది చూడటమే.

దీన్ని నెదర్లాండ్స్‌లో వాన్ డెన్ హౌట్, కిండ్ట్ అనే పరిశోధకులు పరీక్షించి 2003లో ప్రచురించారు. ఏ జబ్బూ లేని విద్యార్థులను కంప్యూటర్ తెర మీది గ్యాస్ పొయ్యిని పదేపదే వెలిగించి, ఆర్పి, సరిచూడమన్నారు. చివరిసారి ఏ బర్నర్లు చూశారో వాళ్ళు దాదాపు సరిగ్గానే చెప్పారు. కానీ ఆ జ్ఞాపకం మసకగా ఉందనీ, దాని మీద నమ్మకం లేదనీ అన్నారు. ఒకే నాబ్‌ని ఒకేలా పదిసార్లు చూస్తే ఏ చూపు ఎప్పటిదో విడిగా గుర్తుండదు మరి. ఇంకోసారి చూస్తే అనుమానం తీరుతుందనుకోవడమే ఇక్కడ పొరపాటు.

ముందు అసలు ప్రమాదం సంగతి తేల్చేయండి. గ్యాస్ పైపు మీద తయారైన సంవత్సరం ఉంటుంది. ఐదేళ్ళు దాటితే మార్చాలి. లీకు అనుమానం ఉంటే సబ్బు నీళ్ళు రాసి బుడగలు వస్తాయేమో చూడాలి, అగ్గిపుల్ల గీసి ఎప్పుడూ కాదు. రాత్రి వంట అయ్యాక రెగ్యులేటర్ కట్టేయడం మంచి అలవాటే, అది మానక్కర్లేదు. మానాల్సింది రెండోసారి వెళ్ళడం.

ఒక వారం పాటు ఏమీ మార్చకుండా రాసుకోండి: ఏది చూశారు, ఎన్నిసార్లు, చూడకపోతే ఏమవుతుందని భయం, ఆ కంగారు నూటికి ఎంత. వారం చివర వాటిని తేలికదాని నుంచి కష్టమైనదాని దాకా వరసలో పెట్టండి. ఉదాహరణకు ఫ్యాన్ స్విచ్చి 25, బండి తాళం 40, ఇంటి తాళం 65, అందరూ ఊరెళ్ళేటప్పుడు గ్యాస్ 90. తేలికదానితో మొదలుపెట్టాలి. పట్టుదల కొద్దీ నేరుగా గ్యాస్ దగ్గరికి వెళ్ళేవాళ్ళు మధ్యలో ఓడిపోయి, ఇక ఇది మన వల్ల కాదని వదిలేస్తారు.

తాళం వంతు వచ్చినప్పుడు ఫోన్ జేబులో పెట్టి, మాట్లాడటం ఆపి, చూస్తూ వేయండి. ఒక్కసారి లాగండి. నడిచి వెళ్ళిపోండి. కంగారు పెరుగుతుంది, పెరగనివ్వండి. దాన్ని అణచాలని పాటలు పెట్టుకోవద్దు, ఊపిరి లెక్కపెట్టుకోవద్దు. "వేశానో లేదో, చూద్దాం" అని అనుమానాన్ని అలాగే వదిలేయాలి. చాలామందికి అరగంట, గంటలో దానంతట అదే దిగుతుంది. ఒక రోజు దిగకపోయినా నష్టం లేదు. వెనక్కి వెళ్ళకపోవడమే ఆ రోజు పని. అదే మెట్టు రోజూ చేసి, కంగారు సగానికి తగ్గాక పైదానికి వెళ్ళండి.

ఎక్కువమంది తప్పేది దొంగదారుల దగ్గర. తాళానికి ఫోటో తీసుకోవడం తెలివైన ఉపాయంలా కనిపిస్తుంది గానీ, ఆ తర్వాత రోజంతా ఫోటో చూడటమే పని. వేసిన క్షణాన్ని మనసులో తిప్పి తిప్పి చూసుకోవడం ఇంకోటి. కాళ్ళు కదలకపోయినా అదీ సరిచూడటమే. పక్కింటి ఆంటీకి ఫోన్ చేయడమూ అంతే. అన్నిటికన్నా గట్టిది ఇంట్లోవాళ్ళ భరోసా. "ఏమండీ, తాళం వేశాను కదా?" అంటే "వేశావులే" అని ప్రేమగానే అంటారు, ఆ ప్రేమే అలవాటును మేపుతుంది. ముందే మాట్లాడుకుని, "ఆ ప్రశ్నకి జవాబు చెప్పనని అనుకున్నాంగా" అనేలా ఒప్పందం చేసుకోండి. కోపంగా అనకూడదు, జవాబూ చెప్పకూడదు. తాళం వేసే పని ఇంకొకరికి అప్పజెప్పడం కూడా తప్పించుకోవడమే అవుతుంది.

నిద్ర చాలనప్పుడు, పరీక్షలప్పుడు, ఇంట్లో పసిబిడ్డ ఉన్నప్పుడు అలవాటు మళ్ళీ తల ఎత్తొచ్చు. మొదటికొచ్చిందని చేతులెత్తేయకుండా రెండు మెట్లు కిందికి దిగి అక్కణ్ణుంచి చేయండి.

ఈ చూడటాలకే రోజుకు గంటకు పైగా పోతున్నా, ఆఫీసుకో కాలేజీకో ఆలస్యమవుతున్నా అది ఓసీడీ (వద్దనుకున్నా అవే అనుమానాలు వచ్చి, అవే పనులు మళ్ళీ మళ్ళీ చేయించే మానసిక సమస్య) కావచ్చు. అప్పుడు మానసిక వైద్యుణ్ణి కలవాలి. పైన చెప్పిన పద్ధతినే అక్కడ శిక్షణ ఉన్నవాళ్ళు దగ్గరుండి చేయిస్తారు, అవసరమైతే మందులూ ఇస్తారు. ఆ మందులు పనిచేయడానికి సాధారణంగా 8 నుంచి 12 వారాలు పడుతుంది; రెండు వారాలకే గుణం లేదని మానేయవద్దు. ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయొచ్చు. ఫీజు ఉండదు, తెలుగులోనే మాట్లాడతారు.