73 నంబర్ జెర్సీ, 10,363 స్నాప్‌లు

నాన్న గుంటూరు నుంచి వచ్చి నెలన్నర అయింది, నయాగరా అయిపోయింది, గుడి అయిపోయింది, ఇంక ఈ వీకెండ్ ఎక్కడికెళ్దాం అంటే నాకు ఎప్పట్నించో మనసులో ఉన్న చోటు ఒకటే, ఒహాయోలోని కాంటన్. మా ఇంటి నుంచి గంట డ్రైవ్. ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ గొప్ప ఆటగాళ్ళ మ్యూజియం, ఉండేది అక్కడే. లోపల ఆటగాళ్ళ కంచు తలలు వరసగా పెట్టి ఉంటాయి. నేను నేరుగా 2023 బ్యాచ్ దగ్గరికెళ్ళి జో థామస్ ముందు ఆగాను. నాన్న కాసేపు చూసి "ఎవర్రా ఈయన, ఎన్ని గోల్స్ వేశాడు?" అన్నాడు.

గోల్స్ వేసే మనిషి కాదు నాన్నా, అసలు బాల్ ముట్టుకునే పనే కాదు ఈయనది, అన్నాను. అర్థం కానట్టు చూశాడు. పక్కనే కూర్చోబెట్టి మొత్తం చెప్పాను, అదే ఇక్కడ కూడా రాస్తున్నా.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బాల్ ఉన్న టీమ్‌కి ముందు అయిదుగురు భారీ మనుషులు గోడలా నిలబడతారు, వాళ్ళే అఫెన్సివ్ లైన్. వాళ్ళ వెనకాల క్వార్టర్‌బ్యాక్ ఉంటాడు, బాల్ విసిరేది అతనే, పేపర్లో ఫోటో వచ్చేదీ అతనిదే. కుడిచేత్తో విసిరేవాడు ఒళ్ళు కుడివైపుకి తిప్పి చూస్తాడు కాబట్టి ఎడమ పక్క నుంచి ఎవరొస్తున్నారో కనపడదు. ఆ కనపడని వైపు నిలబడేవాడు లెఫ్ట్ టాకిల్. కంటికి రెప్పలా కాపాడటం అంటాం కదా, ఇక్కడ అది నిజంగా ఒకడి ఉద్యోగం. జో థామస్ క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ టీమ్‌కి 11 సీజన్లు ఆ ఉద్యోగమే చేశాడు.

నేను క్లీవ్‌లాండ్ వచ్చిన కొత్తలో ఈ ఆట నాకు తోపులాటలాగే కనిపించేది. మా ఆఫీసులో ఒక పెద్దాయన, పుట్టినప్పట్నించీ బ్రౌన్స్ ఫ్యాన్, ఒక ఆదివారం ఇంటికి పిలిచి, ఈసారి బాల్ వైపు చూడకు, 73 నంబర్ వైపు మాత్రమే చూడు అన్నాడు. అప్పుడు చూశాను. స్నాప్ (బాల్‌ని వెనక్కి క్వార్టర్‌బ్యాక్‌కి అందించి ఆట మొదలెట్టడం) అవగానే థామస్ ముందుకి తోయట్లేదు, వెనక్కి జరుగుతున్నాడు, రెండు అడుగులు, మూడు అడుగులు, నడుం వంచకుండా మోకాళ్ళు మాత్రం వంచి, కుర్చీలో కూర్చున్నట్టు. ఎదుటివాడు పరుగు మీద వచ్చి పడేసరికి ఈయన రెండు చేతులూ వాడి ఛాతీ మీద సరిగ్గా పడ్డాయి, వాడు ఎటు తిరిగితే ఈయన కాళ్ళు అటు. బట్ట పట్టుకుని లాగితే హోల్డింగ్, 10 గజాల పెనాల్టీ, స్నాప్‌కి ముందు కాస్త కదిలితే ఫాల్స్ స్టార్ట్, ఇంకో 5 గజాలు. 198 సెంటీమీటర్ల ఎత్తు, 140 కిలోల దాకా బరువు, ఆ ఒంటితో అంత తేలిగ్గా వెనక్కి జారటం చూసి నేను రిమోట్ తీసుకుని మళ్ళీ వెనక్కి తిప్పి చూశాను. పెద్దాయన నవ్వాడు, ఇంక నువ్వూ మావాడివే అని.

థామస్ విస్కాన్సిన్ కుర్రాడు. 2007 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకోవడం) మూడో పిక్‌గా బ్రౌన్స్ తీసుకున్నారు. ఆరోజు పెద్ద పెద్ద ఆటగాళ్ళంతా న్యూయార్క్‌లో సూట్లేసుకుని స్టేజి మీద ఉంటే ఈయన వాళ్ళ నాన్నతో కలిసి లేక్ మిషిగన్‌లో పడవ మీద చేపలు పడుతున్నాడు. ఈ ఒక్క విషయానికే మా నాన్న మొహం వెలిగిపోయింది.

మొదటి సీజన్లో టీమ్ 10 గెలిచి 6 ఓడింది, అయినా ప్లేఆఫ్స్‌కి, అంటే సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌లకి, వెళ్ళలేదు. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్ళూ ఒక్క ఏడాది కూడా 7 దాటి గెలవలేదు. ఆరుగురు హెడ్ కోచ్‌లు మారారు. క్వార్టర్‌బ్యాక్‌లైతే 20 మంది, ఇవాళ ఒకడు, వచ్చే నెల ఇంకొకడు, ఎవడి గొంతు ఎలా ఉంటుందో, ఎవడు బాల్ ఎంతసేపు పట్టుకుంటాడో ప్రతిసారీ మొదట్నించి నేర్చుకోవాలి. అలాంటి టీమ్‌లో ఉండి వరసగా 10 ఏళ్ళు ప్రో బౌల్‌కి (లీగ్‌లో మేటి ఆటగాళ్ళ మ్యాచ్) ఎంపికయ్యాడు. బాల్ విసిరే ఆటల్లో ఆయన కాపు కాసిన 6,680 పాస్ బ్లాక్‌లలో, ఆయన మీదుగా జరిగిన సాక్‌లు (విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) 30 అని లెక్క చెప్తారు.

2015లో డెన్వర్ బ్రాంకోస్‌కి ఆయన్ని ట్రేడ్ చేయబోయి గడువు చివర్లో కుదరలేదు. అదే సీజన్లో డెన్వర్ సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిచింది. ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది. ఆయన మాత్రం క్లీవ్‌లాండ్ బాగుపడేటప్పుడు నేను ఇక్కడే ఉండాలి అనే రకం. తర్వాతి ఏడాది 1 గెలుపు, 15 ఓటములు. ఆ తర్వాత 2017, 16కి 16 ఓడిపోయారు.

ఆ 2017 అక్టోబర్ 22నే, టెన్నెసీ టైటన్స్‌తో మ్యాచ్, మూడో క్వార్టర్లో థామస్ ఎడమ చెయ్యి ట్రైసెప్స్ తెగింది. అప్పటిదాకా, అంటే 2007లో మొదటి మ్యాచ్ మొదటి స్నాప్ నుంచి ఆ క్షణం దాకా, ఆయన ఒక్క స్నాప్ కూడా బయట కూర్చోలేదు. 10,363. 1999 నుంచి స్నాప్‌లు లెక్కపెడుతున్నారు, అన్ని వరసగా ఆడినవాళ్ళు ఇంకెవరూ లేరు. మ్యాచ్ ఎప్పుడో చేజారిపోయి జనం ఇళ్ళకెళ్ళిపోతున్నా, లేక్ ఎరీ మీద నుంచి ఆ డిసెంబర్ గాలి కొడుతున్నా (ఒకసారి నేనూ ఆ స్టాండ్స్‌లో ఉన్నాను, వేళ్ళు తెలీలేదు), ఈయన మళ్ళీ వచ్చి వంగి నిలబడేవాడు. నొప్పిగా ఉంది ఈ ఒక్కటీ వదిలేస్తా అని పదేళ్ళలో ఒక్కసారి అనలేదు, నాకు అది ఎలా సాధ్యమో ఇప్పటికీ అర్థం కాదు.

ఊరికే రాలేదు మరి. మోకాళ్ళు అరిగిపోయాయి. 32 ఏళ్ళకే జ్ఞాపకశక్తి తగ్గుతోందని తనే చెప్పాడు. ఆ బరువు నిలబెట్టుకోవడానికి ఆకలి లేకపోయినా తినాలి, తిండి కూడా డ్యూటీలో భాగమే. 2018 మార్చిలో రిటైర్ అయ్యాక దాదాపు 20 కిలోలు తగ్గాడు, ఇప్పుడు టీవీలో చూస్తే ముందు గుర్తుపట్టలేం. బ్రౌన్స్ 2020 సీజన్లో ప్లేఆఫ్స్‌కి వెళ్ళి పిట్స్‌బర్గ్‌ని 48-37తో కొట్టారు. ఆ రాత్రి మా వీధంతా అరుపులు, నేను మాత్రం ఆ జెర్సీ గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

నాన్న అంతా విన్నాడు. ఆయన ఆర్టీసీ డ్రైవర్‌గా 29 ఏళ్ళు చేసి రిటైర్ అయ్యాడు, యాక్సిడెంట్ లేని సర్వీసు. ఇంట్లో అన్ని ఏళ్ళకీ కలిపి ఒక సర్టిఫికెట్, ఒక స్టీలు డబ్బా ఉన్నాయి, అమ్మ అందులో కందిపప్పు పోస్తుంది. చిన్నప్పుడు ఎవరైనా మీ నాన్న ఏం సాధించాడు అంటే ఏం చెప్పాలో నాకు తెలిసేది కాదు.

"ఎన్నిసార్లు అన్నావ్?" అని మళ్ళీ అడిగాడు. చెప్పాను. బ్రౌన్స్ స్టేడియంలో ఆ 10,363ని థామస్ పేరు పక్కన రాసి పెట్టారని కూడా చెప్పాను. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంటున్నాడు, ట్రిప్పులేమో, నేను అడగలేదు.

లేచి వచ్చేస్తుంటే వెనక్కి తిరిగి "చెయ్యి బాగైందా మరి ఆయనకి?" అన్నాడు. బాగైంది నాన్నా అన్నాను. అయితే ఒక ఫోటో తియ్యి అని వెళ్ళి ఆ కంచు తలకి ఎడమ పక్కన నిలబడ్డాడు, చేతులు కట్టుకుని.