లాలీపాప్ కర్ర నా చేతికి వచ్చేదాకా

మా బాబు స్కూలు ముందు పిల్లల్ని రోడ్డు దాటించే పెద్దాయన రిటైరయ్యాక నెలల తరబడి ఆ చోటు ఖాళీగానే ఉండిపోయింది. ఆ నెలలన్నీ తల్లులం పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఒక చేత్తో బండిలో చంటిదాన్ని, ఇంకో చేత్తో పెద్దవాణ్ణి పట్టుకుని, కార్ల వంక చూస్తూ నిలబడేవాళ్ళం. ఒకరోజు గేటుకి కాగితం అంటించారు, ఆ పనికి మనిషి కావాలని. ఫొటో తీసుకుని ఇంటికొచ్చి ఆ రాత్రే అప్లై చేశాను.

మేముండేది ఇంగ్లండులో, రెడింగ్ దగ్గర. ఇక్కడ ఈ పని చేసేవాళ్ళని లాలీపాప్ లేడీ, లాలీపాప్ మ్యాన్ అంటారు, పొడుగాటి కర్ర చివర గుండ్రటి పలక ఉంటుంది కాబట్టి. కాగితాల్లో మాత్రం స్కూల్ క్రాసింగ్ పాట్రోల్. 1953లో దీనికోసం ఒక చట్టమే చేశారు.

రాజమండ్రిలో మా అత్తయ్యకి ఫోన్ చేసి చెబితే కాసేపు మాట్లాడలేదు. "ఎమ్మెస్సీ చదివి రోడ్డు మీద నిలబడతావా అమ్మా?" అన్నారు. "పిల్లల కోసం అత్తయ్యా. పొద్దున ముప్పావుగంట, మధ్యాహ్నం ముప్పావుగంట, అంతే" అన్నాను. "సరే, చెవులకి ఏదైనా కట్టుకో" అన్నారు.

ఇంటర్వ్యూ ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఒక ప్రశ్న మాత్రం గుర్తుంది. "వాన పడుతోంది, బడి గంట కొట్టేస్తారు, పిల్లలు పదిమంది నీ పక్కన నిలబడ్డారు, కార్లకి సందు దొరకట్లేదు. ఏం చేస్తావు?" "వాళ్ళతోపాటు నేనూ తడుస్తాను" అన్నాను. అప్పుడు నోటికొచ్చిన మాట అది. ఈ ఉద్యోగం మొత్తం అందులోనే ఉందని తర్వాత తెలిసింది.

అసలు ఆలస్యమంతా డీబీఎస్ దగ్గర. పిల్లలతో పనిచేసే వాళ్ళమీద పాత కేసులేమైనా ఉన్నాయేమో చూసే తనిఖీ అది. ఐదేళ్ళలో ఉన్న ప్రతి ఇంటి అడ్రసూ, ఏ నెల నుంచి ఏ నెల దాకా ఉన్నామో, మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా రాయాలి. ఇక్కడ రెండిళ్ళు, కూకట్‌పల్లిలో అద్దె ఫ్లాటు, దానికి ముందు దానవాయిపేటలో అత్తయ్యగారిల్లు. మా ఇంటికి ఉత్తరం రావాలంటే డోరు నంబరుకన్నా "గుడి ఎదురు సందు" అన్నదే ముఖ్యం, ఫారంలో దానికి చోటు లేదు. కూకట్‌పల్లి ఫ్లాటు ఏ నెలలో ఖాళీ చేశామో మా ఆయనకీ గుర్తులేదు, నాకూ గుర్తులేదు. చివరికి గ్యాస్ కనెక్షన్ మార్పించుకున్న రసీదు ఫోన్లో దొరికితే దాన్నిబట్టి రాశాను. పైగా నేను ఈ దేశం వచ్చి రెండేళ్ళే కాబట్టి మన పోలీసుల క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా అడిగారు. అప్లై చేసిన నాటినుంచి కర్ర చేతికి రావడానికి మూడు నెలలకి పైనే పట్టింది.

ట్రైనింగ్ ఇచ్చింది అరవై దాటిన ఒకావిడ. మొదటిరోజు కర్ర ఇవ్వలేదు. దాటే చోటు నుంచి పేవ్‌మెంట్ మీద నడిపించుకుంటూ తీసుకెళ్ళి, ఒక నీలం తలుపు ఇంటి దగ్గర ఆపి, "వెనక్కి తిరిగి చూడు" అంది. గంటకి 30 మైళ్ళు, అంటే మన లెక్కలో 48 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు, డ్రైవరు నిన్ను చూసిన క్షణం నుంచి ఆగేసరికి 23 మీటర్లు, అంటే ఈ తలుపు నుంచి దాటే చోటుదాకా, వచ్చేస్తుందని చెప్పింది. అదే 20 మైళ్ళయితే 12 మీటర్లు చాలు. వాన పడితే ఇంతకి రెండింతలు అనుకోవాలి. ఇప్పటికీ నేను కార్లని చూడను, ఆ నీలం తలుపుని చూస్తాను. దాన్ని దాటేసిన కారుకి ఎప్పుడూ కర్ర చూపించను, పోనిస్తాను.

కర్ర పట్టడంలో నాలుగు భంగిమలు ఉన్నాయి. ఇంకా సిద్ధంగా లేనని చెప్పేది ఒకటి, కార్లని సిద్ధపడమనేది ఒకటి, రోడ్డు మధ్యకి వెళ్ళి చేతులు బార చాపి అందరినీ ఆపేది ఒకటి. నాలుగోది కర్రని అడ్డంగా పిల్లల ముందు పెట్టడం. నేను నేర్చుకోవడానికి కష్టపడింది ఈ నాలుగోదే. కార్లని ఆపడమే పని అనుకుని వచ్చాను. ముందు ఆపాల్సింది పిల్లల్ని.

మూడోరోజు ఆవిడ పక్కనుండగానే ఒక ఆరేళ్ళ పిల్లాడు తోసుకుంటూ నడిపే స్కూటర్ మీద సర్రున వచ్చాడు. వాడు కర్రని చూడగానే అది తనకోసమే అనుకున్నాడు. నేను అప్పటికి కార్ల వైపు చూస్తున్నాను. ఆవిడ చెయ్యి చాపి స్కూటర్ హ్యాండిల్ పట్టేసుకుంది. ముందు చక్రం పేవ్‌మెంట్ అంచు దాటి గాల్లో ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి నేను ముందు వెనక్కి చూసి, పిల్లలందరి కాళ్ళూ అంచుకి ఇవతల ఉన్నాయని చూసుకున్నాకే రోడ్డు వైపు తిరుగుతున్నాను.

ఒంటిమీద యూనిఫాం, చేతిలో ఆ పలక, రెండూ ఉంటేనే నాకు చట్టబలం. పలక ఎత్తి చూపిస్తే ఎవరైనా ఆగాల్సిందే, దించేదాకా కదలకూడదు. కదిలితే 1,000 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్సు మీద 3 పాయింట్లు. అయినా మొన్న జనవరిలో ఒకాయన, పిల్లలు సగం దూరంలో ఉండగానే నా వెనకనుంచి కారు పోనిచ్చాడు. చేతులు వణికాయి. పిల్లలు అవతలికి చేరేదాకా కర్ర దించలేదు, ఆ తర్వాతే నంబరు, కారు రంగు, టైము రాసుకున్నాను. రిపోర్టు ఇచ్చాను. అది ఎక్కడిదాకా వచ్చిందో నాకు చెప్పలేదు.

కొంతమంది తల్లులు "కాస్త చూస్తూ ఉండవా, కారు పార్క్ చేసి వస్తా" అని పిల్లల్ని నా దగ్గర వదిలి వెళ్ళబోతారు. ఒప్పుకోను. నేనున్నా సరే, పిల్లల బాధ్యత కన్నవాళ్ళదే అని ట్రైనింగ్‌లో గట్టిగా చెప్పారు. ఇద్దరిని కనిపెట్టుకుని ఉంటే మిగతా ముప్పైమందిని ఎవరు చూస్తారు?

ఈమధ్య ఒకాయన క్లిప్‌బోర్డు పట్టుకుని వచ్చి దాటే పిల్లల్నీ, వచ్చే బళ్ళనీ లెక్కపెట్టుకుని వెళ్ళాడు. బళ్ళ సంఖ్యని దాంతోనే హెచ్చవేసి, వచ్చినదాన్ని పిల్లల సంఖ్యతో హెచ్చవేస్తారట. 40 లక్షలు దాటితే ఆ చోటుకి మనిషి అవసరమని లెక్క. దాటించే మనిషిని పెట్టి తీరాలని చట్టంలో లేదు, అందుకే ఈ లెక్కంటే నాకు భయం. ఆ నీలం తలుపు దగ్గర కార్లు ఎంత వేగంతో వస్తాయో కూడా చూడమని ఆయన్ని బతిమాలాను.

స్కూలు రెండో గేటు వైపు ఇంకా ఎవరూ లేరు. మా వీధిలోనే ఉండే మన నెల్లూరమ్మాయి "అక్కా, నేను చెయ్యగలనంటావా?" అని అడిగింది. నిన్న సాయంత్రం మా వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, ఏ ఇంట్లో ఏ నెల దాకా ఉన్నామో వాళ్ళాయనకి ఫోన్ చేసి అడుగుతూ ఐదేళ్ళ అడ్రసులు రాసుకుంటోంది.