ముందు అడగండి అయ్యగారూ

మా రాజోలు వైపు ఏ క్రైస్తవ మందిరంలోకైనా వెళ్ళి తలెత్తి ఫ్యాన్లు చూడండి. రెక్కల మీద పెయింటుతో "కువైట్ నుండి ఫలానా సహోదరి కానుక" అని రాసి ఉంటుంది. మైకు సెట్టు మస్కట్‌ది, నేల మీద పాలరాయి దుబాయ్‌ది, ప్రహరీ ఖతర్‌ది. ఏ కానుక ఏ దేశం నుంచి వచ్చిందో సంఘ పెద్దలకి పైసలతో సహా తెలుసు. పంపినవాళ్ళు ఎలా ఉన్నారో మాత్రం తెలీదు.

నేను కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తాను. సెలవు మీద వచ్చినప్పుడల్లా ఆదివారం ఆరాధనలో "విదేశాల్లో ఉన్న మా బిడ్డల్ని కాపాడు ప్రభువా" అని ఒక్క ముక్కలో ప్రార్థన అయిపోతుంది. ఎవరికి జీతం అందట్లేదు, ఎవరి పిల్లలు ఎవరి దగ్గర పెరుగుతున్నారు, ఎవరి ఇంట్లో కొత్తగా ఏజెంటు తిరుగుతున్నాడు, ఇవి ఎవరూ అడగరు. మా పాస్టరు అయ్యగారిని తప్పుపట్టను. మూడు ఊళ్ళ సంఘాలు ఆయనొక్కరే చూసుకోవాలి, బండికి పెట్రోలు కూడా సొంత డబ్బే.

కువైట్‌లో ఆదివారం పనిదినం, మా ఆరాధన శుక్రవారం. సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో మలయాళం వాళ్ళు, తమిళులు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఈజిప్టు వాళ్ళు, మేము గంటలు పంచుకుని హాళ్ళు వాడుకుంటాం. మా చివరి పాట పూర్తికాకుండానే తర్వాతి భాష వాళ్ళు గుమ్మం దగ్గర చేరిపోతారు. అక్కడ ఆ మిషన్ వేళ్ళూనిందే వైద్యంతో. చమురు డబ్బు రాకముందు, 1914లో, అమెరికా మిషనరీ డాక్టర్లు ఆసుపత్రి కట్టారు. అది 1967 దాకా నడిచింది.

మా తెలుగు సంఘంలో ఒక పెద్దావిడ ఉంది, అందరికీ అక్క. ఆమె సంచిలో బైబిలుతో పాటు అట్ట చిరిగిన పొడుగాటి లెక్కల పుస్తకం ఉంటుంది. కొత్తమనిషి వస్తే ముందు టీ చేతికిచ్చి, తర్వాత పెన్ను తీస్తుంది. ఏ ఊరు, ఇంటి దగ్గర ఎవరి ఫోను, బతాకా (అక్కడి గుర్తింపు కార్డు) ఎప్పటిదాకా ఉంది, పాస్‌పోర్టు నీ దగ్గరుందా మామ (ఇంటి యజమానురాలు) దగ్గరుందా, చేతికొచ్చిన ఆఖరి జీతం ఏ నెలది. బాప్తిస్మం తీసుకున్నావా అన్నది ఆ పూటకి అడగదు. అకామా (నివాస అనుమతి) గడువు దగ్గరపడ్డ పేరు కింద ఎర్ర గీత గీస్తుంది. రావలసిన మనిషి రెండు శుక్రవారాలు కనబడకపోతే ఫోను చేస్తుంది. ఎత్తకపోతే ఆ వీధి వైపు వెళ్ళే మన డ్రైవర్ తమ్ముళ్ళలో ఎవరికో కబురు పెడుతుంది. రాయచోటి ముస్లిం అమ్మాయి ఒకామె నెలల తరబడి జీతం లేక అల్లాడుతుంటే మన ఎంబసీ షెల్టరుకి చేరిందీ అలాగే.

వారానికో రోజు సెలవు ఇవ్వాలని, పనిమనిషి పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదని కువైట్ 2015లోనే చట్టం చేసింది. నాకు ఆ సంగతి అక్క చెబితేనే తెలిసింది. డబ్బు తీసుకున్న ఏజెంటు చెప్పలేదు, ఫ్యాన్లు తీసుకున్న మందిరమూ చెప్పలేదు.

మన డెల్టాకి ఇదేమీ కొత్త పని కాదు. 1836లో మిషనరీలు బౌడెన్, బీర్ దొరలు ఇంగ్లాండు నుంచి మన వైపు వచ్చారు. ఆ కాలం నుంచీ మిషన్ల వాళ్ళు వాక్యంతో పాటు బళ్ళు పెట్టారు, మందులిచ్చారు, ఆడవాళ్ళకి లేసు అల్లడం నేర్పారు. నరసాపురం లేసుకి 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. మా అమ్మ ఆ లేసే అల్లేది. మధ్యాహ్నం పనులయ్యాక అరుగు మీద కూర్చుంటే చీకటి పడేదాకా సూది ఆగేది కాదు. దారం ఇచ్చేవాడు, సరుకు పట్టుకెళ్ళేవాడు, ఎగుమతి చేసేవాడు అందరూ తినగా మిగిలిందే ఆమె కూలి. నేర్పినవాళ్ళు మంచిపనే చేశారు. ఆ తర్వాత మాత్రం "కూలి గిడుతోందా అమ్మా" అని మా పేటలో ఏ సంఘమూ వచ్చి అడగలేదు. గిట్టుంటే నేను విమానం ఎక్కేదాన్నే కాదు.

మన సంఘాలకి అడగడం చేతకాదని కూడా అనలేం. 2022 జూలైలో గోదారి పొంగి లంకలు మునిగినప్పుడు మందిరంలోనే పొయ్యి పెట్టారు. ఏ ఇంట్లో బాలింత ఉంది, ఏ ముసలాయనకి షుగరు మాత్రలు కావాలి అన్నీ కనుక్కుని, ఏ కులం ఏ మతం అని చూడకుండా పడవల్లో పంపారు. నీళ్ళు తీశాక ఆ లెక్కా తీసేశారు.

ఈసారి సెలవులో అయ్యగారితో అన్నాను. "అయ్యగారూ, మందిరం స్లాబు ఒక ఏడాది ఆగినా ఫర్వాలేదండి. ఒక పుస్తకం పెట్టండి, ఇంటింటికీ వెళ్ళి ఏం కావాలో ముందు అడగండి." ఆయన సరేనన్నారు. పెద్దల్లో ఒకాయన మాత్రం "ఇది మందిరమా, మీసేవా?" అన్నాడు. మంచి ప్రశ్నే. మీసేవలోనైనా అడిగినదానికి కాగితం ఇస్తారు కదండీ అన్నాను. ఆయనకి నచ్చలేదు.

చివరికి ఆరాధన అయ్యాక వరండాలో ఒక బల్ల వేశారు. డిగ్రీ చదివే కుర్రాడు ఫోనుతో కూర్చుంటాడు. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ సైటులో చూస్తాడు. ఈసీఆర్ (పనికి విదేశం వెళ్ళే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన) పాస్‌పోర్టు మీద 30 ఏళ్ళలోపు ఆడవాళ్ళని గల్ఫ్‌లో ఇంటిపనికి పంపకూడదని, 275 రూపాయలు కడితే రెండేళ్ళకి ప్రవాసీ భారతీయ బీమా వస్తుందని, విదేశీ ఉద్యోగాలకి పంపడానికి రాష్ట్ర ప్రభుత్వానికే ఓంక్యాప్ అనే సంస్థ ఉందని చెబుతాడు. చెప్పేది పది నిమిషాలే, ప్రసంగం కంటే శ్రద్ధగా విన్నారు.

అమ్మమ్మల మాట నేనే ఎత్తాను. తల్లి గల్ఫ్‌లో ఉన్న పిల్లల్ని సాకేది వాళ్ళే. స్త్రీల కూడిక బుధవారం పదకొండింటికి పెడితే ఊడ్పుల రోజుల్లో ఎవరొస్తారు? రాత్రికి మార్చమంటే మార్చారు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్ళ సంగతి ఇంకా తేలలేదు. వాళ్ళని లేపి సాక్ష్యం చెప్పమంటారు, బయటికొచ్చాక "అక్కడ ఏం చేసిందో" అని గుసగుసలాడతారు. ఆ నోళ్ళు మూయించకుండా ఎంత సేవ చేసినా దండగ.

బల్ల దగ్గరికి మొదట వచ్చింది మందిరం గడప ఎప్పుడూ తొక్కని మనిషి, మా వెనక వీధి ఆవిడ. కూతురికి మస్కట్‌లో పని అని ఏజెంటు ఇచ్చిన కాగితం తెచ్చింది. చూస్తే అది విజిట్ వీసా. పిల్లకి ఇరవై నాలుగేళ్ళు. అడ్వాన్సు అప్పటికే కట్టేశారు. మీసేవా అన్న పెద్దాయనే అయ్యగారిని బండెక్కించుకుని ఏజెంటు ఇంటికి వెళ్ళాడు. సగం ఇచ్చాడట, మిగతా సగం కోసం ఇంకా తిరుగుతున్నారు.